లోపలికన్న అయ్యో

ఆయన పేరు రాయను. రాస్తే మా ఊరు లాల్మతీలో ఇప్పటికీ కొంతమందికి ఒళ్ళు మండుతుంది. ఆ మంటకు పదిహేనేళ్ళుగా కట్టెలు ఎగదోసినవాణ్ణి నేనే కాబట్టి ఆ సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

మొన్న మంగళవారం సాయంత్రం గుడి వసారాలో పిల్లలచేత గుణింతాలు చెప్పిస్తున్నాను. మిల్లుకు చెరుకు తోలే బండివాడొకడు రోడ్డు మీదే ఎడ్లను ఆపి, దిగకుండానే కేకేసి కబురు చెప్పాడు.

"మేష్టారూ, గీత తాత లి ఫిన్ మోర్."

మా మోరిస్ దీవిలో, అంటే మారిషస్‌లో, తెలుగువాళ్ళు దేవుడికి తెలుగులో మొక్కుతారు, మిగతా బతుకంతా క్రియోల్‌లో గడుపుతారు. తాత చచ్చిపోయాడు, అయిపోయింది అని ఆ మాటకు అర్థం. నేను ముందు అయ్యో అన్నాను. వెంటనే, ఎవరన్నారు, సరిగ్గా చూశారా అని దబాయించాను. బండివాడు నా మొహంకేసి వింతగా చూసి ఎడ్లను అదిలించాడు. వాడికేం తెలుసు? ఆ మనిషి తరఫు నుంచి ఏ తీర్పు వచ్చినా ముందు కాదని, తర్వాత ఆలోచించడం నాకు పాత అలవాటు.

ఆయన చెడుగుడు తీర్పరి. ఏటా చెరుకు నరకడం అయిపోయి మిల్లు గొట్టంలో పొగ ఆగాక, అమ్మోరు పండగకు వారం ముందు, మా లాల్మతీ జట్టుకూ పక్క ఊరు బ్రిజే వెర్దియేర్ జట్టుకూ ఆట ఉండేది. గెలిచిన ఊరి ఘటం పండగనాడు ఊరేగింపులో ముందు నడుస్తుంది. ఓడిన ఊరివాళ్ళు ఆ ముందువాళ్ళు లేపిన ఎర్రదుమ్ము తింటూ వెనక నడవాలి. మా జట్టును నేను చేతికి తీసుకున్నాక వరసగా ఏడేళ్ళు దుమ్మే తిన్నాం. పండగ చీరలు వాకిట్లో దులుపుకుంటూ మా ఊరి ఆడవాళ్ళు నావంక చూసిన చూపులు నేను మర్చిపోలేదు.

అవతలి జట్టుకు నేర్పేవాడు అక్కడి ఎస్టేటు సర్దారు. పొలంలో వంద మంది కూలీల మీద అరిచి అరిచి పెంచుకున్న గొంతు. తన కుర్రాడు చచ్చాడని తీర్పు రాగానే ఆ గొంతుతో బరిలోకి దూకేవాడు. నాది వేరే పద్ధతి. నేను ఇరవయ్యో ఏట విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాణ్ణి. నాలుగు అక్షరాలు వచ్చినవాణ్ణి. కాబట్టి నేను దూకేవాణ్ణి కాదు, ఉపన్యసించేవాణ్ణి. మా దేశంలో చెడుగుడు ఇలా ఆడరు, అక్కడి నియమం ఇది, పెద్దలు చెప్పింది అది, అంటూ. మా దేశంలో నేను ఆడింది మహా అయితే రెండేళ్ళు, అదీ పశువుల కాపరులతో. ఆ మాట ఇక్కడ ఎవరికీ చెప్పలేదు.

ఆయన ఇద్దరికీ ఒకే జవాబు ఇచ్చేవాడు. అసలు జవాబు ఇవ్వకపోవడమే ఆ జవాబు. మేము నోరు తెరవగానే చేతిలో చెరుకుగడ ముక్కతో నడిమి గీత దగ్గర గొంతుక్కూర్చునేవాడు. కాళ్ళు పడి చెరిగిపోయిన గీతను ఒక కొస నుంచి మళ్ళీ గీయడం మొదలుపెట్టేవాడు. తొందర లేదు. ఎక్కడో రాయి అడ్డొస్తే దాన్ని వేలితో పెకిలించి, పక్కన పెట్టి, మళ్ళీ గీసేవాడు. సర్దారు ఆయన నెత్తిన నిలబడి అరిచేవాడు. నేను ఆయన పక్కన నడుస్తూ నియమాలు చెప్పేవాణ్ణి. రెండో కొస దాకా గీసి, లేచి, నడుం మీద చెయ్యి వేసుకుని, మా మొహాలు చూసి ఒక్క మాట అడిగేవాడు.

"ఫినీ?"

అయిందా అని. అయిపోయే ఉండేది, ఏం చేస్తాం? అంత పొడుగు గీతకు సరిపడా వాదన ఎవరి దగ్గర ఉంటుంది? గీతకు ఒక చివర మొదలైన కోపం రెండో చివరకు వచ్చేసరికి నాకే పాతబడిపోయేది. కాలేదు అని ఎప్పుడైనా మొండికేస్తే, సరే అన్నట్టు "బే, కానీండి" అని మళ్ళీ కూర్చుని, గీసిన గీత మీదే గీసేవాడు. గీత తాత అన్న పేరు అలా వచ్చింది. ఒక ఏడాది సర్దారు నాలుగుసార్లు కాలేదన్నాడు. ఆ గీత మడికి తీసిన బోదెంత లోతైంది, ఇద్దరు కుర్రాళ్ళకు కాళ్ళు మడతపడ్డాయి.

ఇదొక్కటే అయితే భరించవచ్చు. ఆయన ఆట చూసేవాడు కాదు, వినేవాడు. చెడుగుడులో తాకడం కళ్ళకు కనపడుతుంది, దానికి వంద మంది సాక్షులు ఉంటారు. కూత తెగిందా లేదా అన్నది చెవి తేల్చాలి. ఆయన వచ్చింది దానికోసమేనట. ఆట మొదలయ్యే ముందు తలపాగా విప్పి నడుముకు చుట్టుకునేవాడు, చెవుల మీద గుడ్డ ఉండకూడదని. ఆ రోజు తమలపాకు నమిలేవాడు కాదు, దవడ చప్పుడుకు చెవి మూసుకుపోతుందని. అక్కడితో ఆగాడా? పక్క చేలో చెరుకు గాలికి గలగలమంటే చెయ్యెత్తి ఆట ఆపేసేవాడు. గాలి తగ్గేదాకా రెండు ఊళ్ళవాళ్ళం నోళ్ళు మూసుకుని చెరుకు తోటకేసి చూస్తూ కూర్చోవాలి. రైలు వస్తే ఆపేవాడు. పసిపిల్ల ఏడిస్తే ఆపి, తల్లిని పిలిచి, పాలియ్యమ్మా అని చెప్పి, పిల్ల ఊరుకున్నాక మొదలుపెట్టేవాడు. ఒకసారి మా వాడు సగం బరి దాటి కూతతో దూసుకుపోతుంటే ఎక్కడో కుక్క మొరిగిందని వెనక్కి రప్పించాడు. ఆ రోజు నేను పళ్ళు కొరికిన చప్పుడుకు కూడా ఆట ఆపుతాడేమోనని భయపడ్డాను.

ఆ చెవి ఎక్కణ్ణుంచి వచ్చిందో తర్వాత తెలిసింది. ఆయన చిన్నప్పటి నుంచీ ఎడ్లబండి తోలినవాడు. పుట్టింది దక్షిణాన సుయాక్‌లో, ఇక్కడి మిల్లులో పనికి వచ్చి స్థిరపడ్డాడు. మా రెండు ఊళ్ళలో ఎవరికీ చుట్టం కాడు, తీర్పరిగా పిలవడానికి అదే ఆయన అర్హత. నిండు బండితో ఎత్తు ఎక్కేటప్పుడు ఎద్దు ఊపిరిని బట్టి ఎక్కడ ఆపాలో తెలియాలి, తెలియకపోతే ఎద్దు పడిపోతుంది. నలభై ఏళ్ళు ఎడ్ల ముక్కుల దగ్గర పెట్టిన చెవిని తెచ్చి మా కుర్రాళ్ళ ముక్కుల దగ్గర పెట్టాడు.

తీర్పు చెప్పేటప్పుడు గొంతు లేపేవాడు కాదు. కూత తెగితే "మోర్", చచ్చాడని. తెగకపోతే "పా మోర్", చావలేదని. అంతకు మించి వివరం లేదు, విచారణ లేదు.

యుద్ధం మొదలవడానికి ముందటి ఏడాది ఆట గురించి ఇప్పుడు చెప్పాలి. చెప్పకుండా ఇది ముగించేద్దామని రెండుసార్లు కలం పక్కన పెట్టాను.

ఆ ఏడాది మా జట్టులో సన్నాసి అనే కుర్రాడు ఉన్నాడు. బక్కగా ఉండేవాడు, ఊపిరి మాత్రం కొలిమితిత్తి. నా దగ్గరే అక్షరాలు దిద్దాడు. ఆరునెలల పాటు ప్రతి సాయంత్రం గుడి మెట్ల దగ్గర కూత మొదలుపెట్టించి, రైలు పట్టాల దాకా తెగకుండా నడిపించాను. ఈసారి దుమ్ము తినేది వాళ్ళేనని ఊళ్ళో ముందే చాటాను. నా భార్యకు కొత్త చీర కూడా కొన్నాను, తెల్లది.

ఆట చివరికి మా వైపు సన్నాసి ఒక్కడే మిగిలాడు, అటు ఇద్దరు. సన్నాసి కూతకు వెళ్ళాడు. చెడుగుడు చెడుగుడు అంటూ వెళ్ళి మొదటివాణ్ణి భుజం మీద తాకాడు. తిరిగి వస్తుంటే రెండోవాడు కిందపడి చీలమండ పట్టుకున్నాడు. సన్నాసి వాణ్ణి ఈడ్చుకుంటూ పాకాడు. గీత మూరెడు దూరంలో ఉంది. కూతతో గీత ముట్టుకుంటే ఇద్దరూ చచ్చినట్టే, ఆట మాది. అప్పుడు నేలలో మిగిలిపోయిన చెరుకు మోడు ఒకటి వాడి మోకాలికి గుచ్చుకుంది.

"గుడుగుడుగుడు అయ్యో గుడుగుడు" అంటూ చెయ్యి చాపి గీత ముట్టుకున్నాడు.

మా ఊరు మొత్తం లేచింది. ఆడవాళ్ళు ఘటం అప్పుడే ఎత్తినంత సంబరం చేశారు. ఆయన మాత్రం తల పక్కకు వంచి, నేలకేసి చూస్తూ, ఆ గోల తగ్గేదాకా ఆగాడు.

"మోర్" అన్నాడు.

నేను గీత కొసన నిలబడి ఉన్నాను. సన్నాసి మొహం నాకు రెండు గజాల దూరంలో ఉంది. చదివేవాళ్ళు ఒక్కసారి అయ్యో అని చూడండి. ఎవరికో కష్టం వచ్చిందని వింటే అనే అయ్యో బయటికి వస్తుంది, ఊపిరితో పాటు. మనకే ఏదైనా చురుక్కుమంటే అనే అయ్యో లోపలికి పోతుంది, గాలిని పీల్చుకుంటూ. ఈ దీవిలో తెలుగువాడూ భోజ్‌పురీవాడూ క్రియోల్‌వాడూ అందరూ అయ్యో అనేవాళ్ళే, అందరిదీ అంతే. సన్నాసి అన్నది లోపలికన్న అయ్యో. గాలి పీల్చాడు. కూత తెగింది. నేను విన్నాను.

విని, బరిలోకి వెళ్ళాను. అంతవరకు ఎప్పుడూ చెప్పనంత గొప్ప ఉపన్యాసం ఇచ్చాను. కూతలో వేరే మాట రాకూడదని ఏ నియమమూ లేదన్నాను. మా దేశంలో పాటలు పాడుతూ కూతకు వెళతారన్నాను. అయ్యో అనేది వ్యాకరణంలో అవ్యయం, దానికి లింగం లేదు, వచనం లేదు, విభక్తి లేదు, అది ఏ మాట పక్కన పడినా ఆ మాటను తెంపదు అన్నాను. మా ఊరివాళ్ళు అవ్యయం, అవ్యయం అని అరిచారు. అదేమిటో వాళ్ళలో ఒక్కడికీ తెలియదు.

ఆయన గీత గీస్తున్నాడు. మొదటిసారి, సగంలో గడ ఆపి నాకు జవాబు చెప్పాడు.

"మాట కాదు మేష్టారూ. గాలి. లోనకెల్లిపోనాది."

ఎవరు విన్నారని అడిగాను.

"నాను ఇన్నాను. మీరూ ఇన్నారు."

నాకు చెంప మీద కొట్టినట్టయింది. సన్నాసి వైపు తిరిగి, అందరికీ వినపడేలా, ఊపిరి తెగిందా అని అడిగాను. వాడు మోకాలి నెత్తురు అరచేత్తో అదిమి పట్టుకుని నా మొహం చూశాడు. లేదు మేష్టారూ అన్నాడు.

ఆయన గీత పూర్తి చేసి లేచాడు. ఫినీ అని అడగలేదు. ఆ ఏడు కూడా దుమ్ము మేమే తిన్నాం. తెల్లచీర ఎర్రబడింది.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఆ ఏడాదంతా నేను ఊరూరా తిరిగి ఆయన చెవి మీద పడ్డాను. ముసలాడికి చెవుడు అన్నాను. అది అతకలేదు, చీమ దగ్గినా ఆట ఆపేవాడని అందరికీ తెలుసు. అప్పుడు ఆయన భార్య మేనత్తది బ్రిజే వెర్దియేర్ అని తవ్వి తీశాను. అది అతికింది. లాల్మతీలో దొంగ తీర్పు అంటే గీత తాత తీర్పు అని సామెతైపోయింది. మరుసటి ఏడాది ఆయన తీర్పరిగా ఉంటే మేము ఆడం అన్నాం. ఎవరో మిల్లు గుమాస్తాను పెట్టారు. వాడి దగ్గర ఈల ఉంది, చెవి లేదు. ఆ ఏడాది మేమే గెలిచాం. మా ఘటం ముందు నడిచింది. ఆయన రోడ్డు వారన ఎడ్లను నిలిపి, ఊరేగింపు పోయేదాకా తలపాగా తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నేను ఘటం పక్కన నడుస్తూ అటు చూడలేదు.

చెవి లేని తీర్పరి వచ్చాక ఆట ఎంతకాలం నిలుస్తుంది? ఎవడు ఎక్కువ అరిస్తే వాడిది తీర్పు. మూడేళ్ళలో తలలు పగిలాయి, ఎస్టేటువాళ్ళు ఆటే వద్దన్నారు. సర్దారు ఆ తర్వాత జ్వరంతో పోయాడు.

ఒకసారి, ఆట పోయిన చాలా కాలానికి, మధ్యాహ్నం ఎండలో నడిచి వస్తుంటే వెనక నుంచి ఆయన బండి వచ్చి ఆగింది. ఎక్కమన్నాడు. ఎక్కక తప్పలేదు, చెప్పు తెగింది. మైలు దూరం పోయాం. ఎత్తు మొదలయ్యేచోట బండి ఆపి, దిగి, చెవి ఎద్దు ముక్కు దగ్గర పెట్టి నిలబడ్డాడు. నాకు మళ్ళీ అదే విసుగు. ఈయన జీవితంలో ఏదీ ఆపకుండా నడపలేడా అనుకున్నాను. అక్కణ్ణుంచే, నావైపు తిరగకుండా అడిగాడు.

"మేష్టారూ, ఆ దినం సన్నాసి అయ్యో మీరు ఇన్నారు గదా?"

రోడ్డు మీద మేమిద్దరం తప్ప మనిషి లేడు. అవునంటే పోయేదేమీ లేదు. ఆయన అడిగింది ఊరి ముందు చెప్పమని కాదు, తన చెవి తప్పు కాదని ఒక్కసారి నా నోట వినడానికి. నేను చెరుకు తోటకేసి చూస్తూ, నాకేం వినపడలేదు అన్నాను.

"బే. ఫినీ" అన్నాడు. అడగలేదు, ఊరికే అన్నాడు. నన్ను మా ఇంటి ముందు దించి, చెప్పు కుట్టించుకోమని గుర్తుచేసి వెళ్ళాడు. ఆ మర్యాదకు నాకు ఆయన మీద ఇంకో ఏడాది కోపం ఉండిపోయింది.

బుధవారం పొద్దున వాళ్ళింటికి వెళ్ళాను. వాకిట్లో వెదురు చీల్చి పాడె కడుతున్నారు. రెండు ఊళ్ళవాళ్ళూ వచ్చి రేకు పందిరి కింద కూర్చున్నారు. సన్నాసి కూడా ఉన్నాడు, బొజ్జ వచ్చింది, ఆ మోకాలు ఇప్పటికీ సరిగ్గా వంగదు. లోపల ఆయన్ని చూసి బయటికి వస్తుంటే ఆయన భార్య నన్ను ఆపింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"లాల్మతీలో ఇనే సెవి ఒకటే ఉందనీవోడు మేష్టారూ. మీదే" అంది.

పదిహేనేళ్ళు నేను తిట్టిన తిట్లన్నీ ఆమె వినే ఉంటుంది. వచ్చి పందిరి కింద కూర్చున్నాను. మా ఊరివాళ్ళు చావింట్లో మాట్లాడుకునే మాటలే మాట్లాడుకుంటున్నారు. ఒకడు ఆ ఆట ఎత్తాడు. తాత మంచివాడేగానీ ఆ ఒక్క దొంగ తీర్పు చెప్పకుండా ఉండాల్సింది అన్నాడు. తలలు ఊగాయి. నా మాటే వాడి నోట్లో అంత నమ్మకంగా వినపడేసరికి కూర్చోలేకపోయాను. లేచి నిలబడ్డాను.

"అది దొంగ తీర్పు కాదు. కూత తెగింది. నేను విన్నాను. విని అబద్ధం చెప్పాను" అన్నాను.

అందరూ ఒక్కసారే మాట్లాడారు. చావు ఇంటి ముందు మేష్టారు మనసు మెత్తబడింది అన్నాడొకడు. పెద్దాయన వయసైపోయింది, పదిహేనేళ్ళ కిందటిది ఏం గుర్తుంటుంది అన్నాడు ఇంకొకడు. మాకు కళ్ళూ చెవులూ లేవా, మేమంతా అక్కడ లేమా అన్నారు. బరికి అవతల చింతచెట్టు కింద కూర్చుని చూసినవాడు కూడా, ఊపిరి తెగలేదని తల్లి మీద ఒట్టేశాడు. చివరికి నా దగ్గర చదువుకున్నవాడే ఒకడు లేచి, వేలు చూపిస్తూ నాకు పాఠం చెప్పాడు.

"అయ్యో అవ్యయం గదా మేష్టారూ. మీరే సెప్పినారు. అవ్యయానికి కూత తెగదు."

సన్నాసి అప్పటిదాకా నేల చూస్తున్నాడు.

"తెగినాది" అన్నాడు. "నాకు తెలుసు. మేష్టారు లేదనమన్నట్టు సూసినారు, లేదన్నాను."

దాంతో ఊరుకుంటారనుకున్నాను. నా మొహం చూసి పదిహేనేళ్ళు ఆ అబద్ధాన్ని కుంటికాలితో మోసినవాడు చెప్పాక కూడా ఊరుకోరా? వాడి మీద కూడా పడ్డారు. నీ ఊపిరి సంగతి నీకేం తెలుసురా అన్నారు. ఒకరి మీద ఒకరు అరిచారు, లోపల శవం ఉందన్న సంగతి మర్చిపోయి. నేను చెప్పేది ఒక్కడు వినడు. ఒక్కడు! నియమాలు చెబుతున్నారు, నేనే కల్పించినవి. మా దేశంలో అంటున్నారు, ఓడ మొహం చూడనివాళ్ళు. ఎనిమిదేళ్ళు ఆ మనిషి ఇది ఎలా భరించాడో, ఒక్కసారైనా గడ తిరగేసి నా నెత్తి మీద ఎందుకు వెయ్యలేదో నాకు అర్థం కాలేదు.

పాడె దగ్గర వెదురు ముక్క ఒకటి పడి ఉంది. తీసుకున్నాను. మోకాళ్ళు నొప్పి పెడుతున్నా పందిరి కింద గొంతుక్కూర్చుని, వాళ్ళ కాళ్ళ మధ్య ఈ కొస నుంచి ఆ కొస దాకా మెల్లగా ఒక గీత గీశాను. ఒక రాయి అడ్డొచ్చింది. వేలితో పెకిలించి పక్కన పెట్టాను. అరుపులు నా నెత్తి మీదుగా పోతున్నాయి. రెండో కొసకు వచ్చాక లేచి, నడుం మీద చెయ్యి వేసుకుని, వాళ్ళ మొహాలు చూశాను.

"ఫినీ?" అన్నాను.

కాలేదన్నారు.

సరే కానీండి అని, మళ్ళీ కూర్చుని, గీసిన గీత మీదే గీయడం మొదలుపెట్టాను.